మహాబలిపురం వెళ్లే దారిలో చోళమండలం దగ్గర ఆగండి

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే మనవాళ్లలో చాలామంది ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఎక్కడా ఆగరు. పొద్దున్నే బయల్దేరి, ఎండ ముదరకముందే షోర్ టెంపుల్ దగ్గర ఫొటోలు దిగి, మధ్యాహ్నం ఏ రిసార్టులోనో భోంచేసి, సాయంత్రం కాసేపు అలల్లో నిలబడి రాత్రికి తిరిగొచ్చేస్తారు. తిరువాన్మియూర్ దాటాక ఇంజంబాక్కంలో ఎడమచేతి వైపు, అంటే సముద్రం వైపు, చోళమండలం ఆర్టిస్ట్స్ విలేజ్ అని ఒక చోటు ఉంది. అక్కడ ఆగండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. బొమ్మల గురించి మాకేం తెలుసు అనుకునేవాళ్లు మరీ ముఖ్యంగా ఆగండి.

ఆ చుట్టుపక్కలంతా ఇప్పుడు బీచ్ రిసార్టులు, పెద్ద పెద్ద బంగళాలు, అమ్యూజ్‌మెంట్ పార్కులు. శని ఆదివారాలు వస్తే రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. ఆ సందడి పక్కనే, చెట్ల నీడలో ఒక మ్యూజియం, బొమ్మలు అమ్మే గ్యాలరీలు, ఆరుబయట శిల్పాలు, వాటి వెనక చిత్రకారులు కట్టుకున్న ఇళ్లు. 1966 నుంచి నడుస్తోంది. ప్రభుత్వం కట్టిచ్చింది కాదు, ఏ జమీందారో కోటీశ్వరుడో ముచ్చటపడి పెట్టిందీ కాదు. బొమ్మలు వేసేవాళ్లే చేతిపని చేసి సంపాదించుకుని, ఆ డబ్బుతో స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు. నాకు ఈ చోటంటే ఇంత ఇష్టం ఏర్పడింది ముందుగా ఆ సంగతి వల్లే, లోపలి బొమ్మలు ఆ తర్వాత.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. మద్రాసు ఆర్ట్స్ స్కూలు 1850లో మొదలైంది. దానికి చాలాకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్నవాడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెరీనా బీచ్‌లో పెద్ద బండను కదిలించడానికి ఒళ్లంతా విల్లులా వంచి నెడుతున్న నలుగురు కార్మికుల విగ్రహం చూసే ఉంటారు, అది ఆయన చేసిందే. ఆయన దగ్గర చదువుకున్న కె.సి.ఎస్. పణిక్కర్ 1957లో అదే స్కూలుకి ప్రిన్సిపాల్ అయ్యాడు. పణిక్కర్‌ని పట్టి పీడించిన దిగులు ఒకటే. ఏళ్ల తరబడి చదివి, చేయి తిరిగి బయటికొచ్చిన పిల్లలు ఏం చేసి బతుకుతారు? మద్రాసులో అప్పుడు కొత్తరకం బొమ్మలు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కడుపు నింపుకోవడానికి ఏదో ఒక ఉద్యోగంలో చేరితే ఇక కుంచె మూలపడిపోతుంది.

దానికి ఆయనా, ఆయన శిష్యులూ కలిసి వెతికిన దారి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సగం సమయం అమ్ముడుపోయే చేతిపని చెయ్యాలి, మిగతా సగం మనసుకి నచ్చిన బొమ్మ వేసుకోవాలి. 1963లో చేతిపనుల సంఘం ఒకటి పెట్టుకున్నారు. బాతిక్ బట్టలు, తోలు సామాన్లు, లోహపు పనులు, మట్టి పనులు. వీటన్నిటిలో బాగా అమ్ముడుపోయింది బాతిక్. కరిగించిన మైనంతో బట్ట మీద గీత గీసి రంగులో ముంచితే మైనం ఉన్నచోట రంగు పట్టదు. మైనం అక్కడక్కడా పగిలినచోట రంగు సన్నగా దూరి నరాల్లాంటి గీతలు వస్తాయి. ఒక్కో రంగుకీ మళ్లీ మైనం, మళ్లీ ముంచడం, చివరికి వేడినీళ్లలో మైనమంతా కరిగించడం. ఓపిక కావాల్సిన పని, పైగా గీత ఒకసారి తప్పితే సరిదిద్దుకోవడం కష్టం. ఆ బట్టలమ్మిన డబ్బుతో ఇంజంబాక్కంలో ఇసుక నేల కొన్నారు. అప్పట్లో అక్కడ సరుగుడు తోటలు తప్ప ఏమీ లేవు. తాటాకు పాకలు వేసుకుని, కరెంటు లేకుండా, ఊరికి దూరంగా మొదలుపెట్టారు.

మ్యూజియంలోకి వెళ్లేముందు ఈ బాతిక్ సంగతి తెలిసి ఉంటే మంచిది. మద్రాసు చిత్రకారుల గురించి మాట్లాడేవాళ్లంతా ముందుగా చెప్పేది వాళ్ల గీత గురించే. రంగు కంటే గీతకే పెద్దపీట. రోజూ మైనంతో గీసీ గీసీ చేతికి వచ్చిన పట్టు కూడా అందులో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. పొట్టకూటికి చేసిన పనీ, ప్రాణంపెట్టి వేసిన బొమ్మా ఒకదానికొకటి శత్రువులు కావని ఇక్కడ గోడల మీదే కనిపిస్తుంది.

ఇప్పుడున్న పెద్ద భవనం 2009లో తెరిచారు. అందులో మద్రాసు ఉద్యమం మ్యూజియం ఉంది, పణిక్కర్ పేరు మీద. ఆ ఆర్ట్స్ స్కూలు చుట్టూ పెరిగిన కొత్తరకం చిత్రకళనే మద్రాసు ఉద్యమం అంటారు. పక్కనే బొమ్మలు అమ్మకానికి పెట్టే గ్యాలరీలు. మ్యూజియం చిన్నదే. పెద్ద నగరాల మ్యూజియాల్లో కాళ్లు పీకి, కళ్లు తిరిగి, చివరి గదుల్లో ఏం చూశామో కూడా గుర్తుండదు కదా, ఇక్కడ ఆ బాధ లేదు. ఒక గంటలో అన్నీ చూసేసి, మళ్లీ వెనక్కి వచ్చి నచ్చినదాని ముందు ఇంకో పావుగంట నిలబడొచ్చు. నేనైతే అలాగే చెయ్యమంటాను.

ముందు పణిక్కర్ దగ్గర నిలబడండి. ఆయన 1963 ప్రాంతంలో మొదలుపెట్టిన బొమ్మల వరుసను 'వర్డ్స్ అండ్ సింబల్స్' అంటారు. కాన్వాస్ నిండా సన్నని అక్షరాలు, గళ్లు, అంకెలు, మధ్యమధ్యలో చేపలాంటి, పిట్టలాంటి, మనిషిలాంటి ఆకారాలు. అక్షరాలు మలయాళంలా కనిపిస్తాయి కానీ చదవడానికి ఒక్క ముక్క కూడా రాదు. మా పిన్నిని తీసుకెళ్లాను. ఆవిడ జీవితంలో ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కలేదు, లోపలికి రమ్మంటే "నాకెందుకురా ఇవన్నీ, నువ్వు చూసిరా, నేను చెట్టుకింద కూర్చుంటా" అంది. బలవంతాన తీసుకెళితే ఒక పణిక్కర్ బొమ్మ ముందు ఆగిపోయి, కళ్లజోడు సవరించుకుని, దగ్గరికి జరిగి, "ఇదేంట్రా, మన సిద్ధాంతిగారు వేసిన జాతక చక్రంలా ఉంది, ఈ గళ్లు చూడు" అంది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. పణిక్కర్ నిజంగానే జాతకాలు, తాళపత్రాలు, లెక్కల పట్టికల నుంచే ఆ గళ్లూ రాతలూ తీసుకున్నాడు. తాతల కాలం నుంచి ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచిన జాతకం కాగితాన్ని మనం ఎన్నడూ చదివి అర్థం చేసుకోం, అయినా అందులో మన గురించి ఏదో రాసి ఉందన్న భయమూ భక్తీ ఉంటాయి. ఆ బొమ్మల ముందు కలిగేది సరిగ్గా అదే. అది పట్టుకోవడానికి పారిస్ చిత్రకళ చరిత్ర చదవక్కర్లేదు, మా పిన్నికి ఉన్న చదువు చాలు.

అందుకే ఆర్ట్ గ్యాలరీ అనగానే టెన్షన్ పడేవాళ్లకి నేను ధైర్యంగా చెప్పేది ఈ చోటు గురించే. ఇక్కడి వాళ్లు ఆధునిక చిత్రకళని బయటి నుంచి తెచ్చుకున్నా దాన్ని మన గుడి, మన ముగ్గు, మన తోలుబొమ్మ, మన గ్రామదేవత దగ్గరికి తీసుకొచ్చారు. సుల్తాన్ అలీ బొమ్మల్లో ఎద్దులు, పాములు, దేవతలు చూడండి, గిరిజన కథల నుంచి వచ్చినవి. ఒక్కోచోట ఆయన కూడా సొంతంగా కల్పించిన లిపిలో ఏదేదో రాస్తాడు. నాకు పణిక్కర్ తర్వాత ఎక్కువసేపు నిలబడాలనిపించేది ఆయన దగ్గర కాదు గానీ, పిల్లలు మాత్రం ఆ ఎద్దుల దగ్గరే ఆగుతారు.

నన్ను పూర్తిగా ఆపేసింది కె. రామానుజం.

ఈయన గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చోళమండలం లాంటి చోటు లేకపోతే ఈ మనిషి ఏమైపోయేవాడో ఆలోచించడానికే భయం వేస్తుంది. మనసుకి జబ్బు, మాట సరిగ్గా రాదు, నలుగురిలో కలవలేడు. పణిక్కర్ చేరదీశాడు, ఈ ఊళ్లోనే ఉండి బొమ్మలు వేశాడు. ఎక్కువగా కాగితం మీద ఇంకుతో. దగ్గరికెళ్లి చూస్తే తలవెంట్రుక అంత సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, వేలకు వేలు. ఎక్కడా ఖాళీ వదలడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఆ గీతలే మేడలై, గోపురాలై, మెట్లై, రెక్కలున్న జంతువులై, నగలు పెట్టుకున్న ఆడవాళ్లై కనిపిస్తాయి. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఉంటాడు. అది ఆయనే. ఒక బొమ్మలో రాజులా కూర్చుంటాడు, ఇంకో బొమ్మలో ఏదో వింత జంతువు మీద ఎక్కి పోతుంటాడు. బయట ఎవరూ పట్టించుకోని మనిషి తన ఊహలో కట్టుకున్న పట్నంలో తనే దర్జాగా తిరుగుతున్నాడు. 1973లో, ముప్పై దాటీ దాటకుండానే, ప్రాణం తీసుకున్నాడు.

నాకు ఆ టోపీ మనిషిని ప్రతి బొమ్మలోనూ వెతకడం అలవాటైపోయింది. మీరు వెళితే మీరూ వెతకండి. ఈ ఒక్క చిత్రకారుడి కోసం చెన్నై వెళ్లినా దండగ కాదని నా నమ్మకం. మన దేశంలో చిత్రకళ గురించి మాట్లాడేటప్పుడు బొంబాయి, కలకత్తా, బరోడా పేర్లు నాలుగుసార్లు వినిపిస్తే మద్రాసు పేరు ఒక్కసారి వినిపిస్తుంది, ఆ ఒక్కసారిలో కూడా రామానుజం పేరు చాలామంది ఎత్తరు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

శిల్పాల్లో ఎస్. నందగోపాల్‌వి తప్పకుండా చూడండి. పణిక్కర్ కొడుకు, ఫిజిక్స్ చదివి తర్వాత ఇటువైపు వచ్చినవాడు, 2017లో పోయాడు. రాగి, ఇత్తడి రేకులు కోసి, వెల్డింగ్ చేసి, అక్కడక్కడా రంగు ఎనామెల్ పెట్టి చేసినవి. శిల్పం అంటే చుట్టూ తిరిగి చూడాలని మనకి అలవాటు, ఈయనవి మాత్రం ఎదురుగా నిలబడి చూడాలి. గుళ్లో మూలవిరాట్టుకి తొడిగే వెండి కవచాన్ని మనం ఎదురుగానే చూస్తాం, వెనక ఏముందో అడగం. ఆ చూపునే ఆయన తీసుకున్నాడు. ఎండ వేళ కాస్త పక్కకి జరిగి చూస్తే రేకు అంచుల మీద వెలుగు మారుతూ ఉంటుంది, వెల్డింగ్ బొట్లు కూడా నగలో పొదిగిన పూసల్లాగే కనిపిస్తాయి, వాటిని రుద్ది నునుపు చేసి దాచేయలేదు.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. 1953 దాకా మద్రాసే మనకీ రాజధాని, ఆ స్కూల్లో మనవాళ్లు బోలెడంత మంది చదివారు. విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు అక్కడ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకున్నవాడే. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు పణిక్కర్ దగ్గర చదువుకుని, లండన్ వెళ్లి, ఆపైన అమెరికాలో స్థిరపడ్డాడు. మద్రాసు ఉద్యమం పెద్దల్లో ఎం. రెడ్డెప్ప నాయుడు పేరు ఎప్పుడూ ఉంటుంది, దేవతల మీద, సంగీత విద్వాంసుల మీద ఆయన వేసిన బొమ్మల వరుసలు ప్రసిద్ధి. సినిమావాళ్లు మద్రాసులో ఎక్కడెక్కడ ఉండేవారో, ఏ హోటల్లో టిఫిన్ తినేవారో మనకి కథలు కథలుగా తెలుసు, ఈ చిత్రకారుల గురించి మాత్రం మన ఇళ్లల్లో ఒక్క మాటా వినిపించదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ పక్కనుంచే రోజూ నడిచి వెళుతూ ఒక్కసారీ లోపలికి తొంగిచూడనివాళ్లు నాకు తెలుసు. ఎవరినీ తప్పుపట్టడం లేదు, చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించేవాళ్లు ఉండాలి. అందుకే పిల్లలతో వెళ్లమని ఇంతగా చెబుతున్నాను.

మ్యూజియం బయటికొచ్చాక తొందరపడి కారెక్కకండి. చెట్ల మధ్య రాతి శిల్పాలున్నాయి, వాటిలో విదేశాల నుంచి వచ్చినవాళ్లు చెక్కినవి కూడా ఉన్నాయి. ఎండకీ వానకీ నిలిచి, మీద ఆకులు రాలి, ఒకపక్క నాచు పట్టి, లోపల ఏసీ గదిలో ఉన్నవాటికంటే ఇవే నాకు దగ్గరగా అనిపిస్తాయి. అన్నీ గొప్పగా ఉంటాయని చెప్పను, కొన్నిటి ముందు నాకు ఏమీ అనిపించలేదు. అన్ని చేతులు కలిసిన చోట ఎక్కువతక్కువలు ఉండడం సహజం.

లోపలికి పోయే దారుల్లో ఇళ్లుంటాయి. అవి మ్యూజియంలో భాగం కావు, మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు. మొదట వచ్చిన బృందంలో కొందరు ఇక్కడే ముసలివాళ్లయ్యారు, కొందరు వెళ్లిపోయారు. విశ్వనాథన్, అక్కితం నారాయణన్ పారిస్ వెళ్లి స్థిరపడ్డారు, ఎస్.జి. వాసుదేవ్ ఇక్కడ చాలా ఏళ్లుండి బెంగళూరు వెళ్లాడు. మొదటి రోజుల్లోనే వచ్చిన శిల్పి అనిలా జేకబ్ పేరు కూడా గుర్తుంచుకోండి, అప్పట్లో ఒక ఆడపిల్ల ఇల్లూ వాకిలీ వదిలి ఇసుక దిబ్బల్లోకి వచ్చి శిల్పాలు చెయ్యడం మాటలు కాదు. ఆ ఇళ్ల గుమ్మాల దగ్గర, గోడల మీద, తోటల్లో ఏదో ఒక పనితనం కనిపిస్తూనే ఉంటుంది. ఫొటో తియ్యాలనిపిస్తే ముందు ఒక మాట అడగండి. గేటు తెరిచి ఉంది కదా అని వరండాలోకి నడిచి వెళ్లకండి. మన వీధిలో మన ఇంట్లోకి ఎవరైనా అలా వస్తే ఎలా ఉంటుందో అంతే.

కొనడం గురించి. గ్యాలరీలో బొమ్మలు అమ్ముతారు, వాటి ధరలు మధ్యతరగతి జేబుకి అందేవి తక్కువ. అయినా ఒక్కో బొమ్మ కింద ధర చూసి గుండె పట్టుకుని బయటికి రావద్దు, గ్యాలరీ చూడడానికి ఎవరూ డబ్బులడగరు, కొనకపోతే చిన్నచూపూ చూడరు. పెద్ద కాన్వాసుల పక్కన చిన్న సైజు కాగితపు బొమ్మలు ఉన్నాయేమో అడగండి. ఇంట్లో హాలుకి ఫ్రేము కావాలని షాపింగ్ మాల్లో ప్రింటు వేసిన జలపాతం బొమ్మకి వేలు పోస్తాం కదా, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి, ఒక మనిషి చేత్తో గీసిన చిన్న ఇంకు బొమ్మ తెచ్చుకోవడం ఎంతో నయం. ఇక్కడ అమ్మకాల్లో కొంత భాగం ఈ ఊరి నిర్వహణకే పోతుంది. అరవై ఏళ్లుగా ఈ చోటు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబడింది ఆ పద్ధతి వల్లే, కాబట్టి మనం పెట్టే రూపాయి ఎటు పోతుందో అనే అనుమానం అక్కర్లేదు.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. పెద్ద హంగామా, లైట్లు, సెల్ఫీ పాయింట్లు కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు, వాళ్లకి అదే రోడ్డు మీద వేరే చోట్లున్నాయి. రవివర్మ బొమ్మల్లాగా చూడగానే ఎవరు ఎవరో తెలిసిపోవాలి అనుకునేవాళ్లు మొదటి పది నిమిషాలు ఇబ్బంది పడతారు. ఆ పది నిమిషాలూ ఓపిక పట్టమని నా మనవి. ఏ బొమ్మైనా చూసి "ఇది దేని బొమ్మ?" అని అడక్కుండా "దీంట్లో గీత ఎక్కడ మొదలై ఎటు పోతోంది?" అని చూడండి చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. పిల్లలకైతే నేను చెప్పే చిట్కా ఒకటుంది, వాళ్లకి ఒక నోటుబుక్కు, పెన్ను ఇచ్చి రామానుజం టోపీ మనిషిని వెతికి గియ్యమనండి. గోల చెయ్యరు సరికదా, రమ్మన్నా రారు.

వెళ్లే వేళ విషయానికొస్తే, ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం వద్దు. లోపల బాగానే ఉంటుంది కానీ బయటి శిల్పాలు చూడలేరు, సముద్రపు గాలిలో ఉక్క వేరే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, పైగా డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా చెన్నైలో మార్గళి (మన ధనుర్మాసం) సంగీత కచేరీలు కూడా ఉంటాయి కాబట్టి అప్పుడు వెళితే రెండూ కలిసొస్తాయి. మ్యూజియానికి చిన్న టికెట్ ఉంటుంది. సొంత బండి లేకపోతే తిరువాన్మియూర్ నుంచి ఈసీఆర్ మీద పోయే సిటీ బస్సులున్నాయి, ఇంజంబాక్కంలో దిగాలి, కండక్టర్‌కి చోళమండలం అంటే తెలుస్తుంది. తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు.

ఒకరోజు మొత్తం పెట్టుకునేవాళ్లు పొద్దున చోళమండలం చూసుకుని, అక్కడి నుంచి ముట్టుకాడులోని దక్షిణచిత్రకి వెళ్లండి. దక్షిణాది నాలుగు భాషల ఇళ్లని ఊడదీసి తెచ్చి మళ్లీ అక్కడ నిలబెట్టిన చోటు అది, మన ఆంధ్రా ఇళ్లు కూడా ఉన్నాయి. ముందు దక్షిణచిత్ర, తర్వాత చోళమండలం పెట్టుకుంటే మాత్రం కాళ్లు అలిసిపోయి రామానుజం దగ్గరికి వచ్చేసరికి ఓపిక ఉండదు, అందుకని ఈ వరుసే పెట్టుకోండి. మహాబలిపురం మర్నాడు చూడొచ్చు.